ఆఫ్ చేసి ఆన్ చేయమన్న అయ్యవారికి

మహారాజశ్రీ ఇంటర్నెట్ కంపెనీ నెట్‌వర్క్ మేనేజరు గారి సముఖానికి, ఖరగ్‌పూర్ మథురాకాటి నుంచి తమ కస్టమరు నమస్కరించి రాయునది.

ఆదివారం రాత్రి తమరు మా పేటకి కొత్త రౌటరు పెట్టించారని తెలిసి పరమానందభరితులమయ్యాం. సోమవారం పొద్దున్న కరెంటు పోయి వచ్చింది. మా వీధిలో సగం ఇళ్లకి నెట్ రాలేదు. హెల్ప్‌లైనుకి ఫోన్ చేస్తే, "మిగతావాళ్లకి వస్తోంది కదా, మీ డబ్బా ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నారు, హిందీలో. 2020 డిసెంబరులో మా బెంగాల్ రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకి అధికార భాషల్లో చోటిచ్చింది గానీ, తమ హెల్ప్‌లైను మీటల్లో మాత్రం దానికింకా చోటు దొరకలేదు. సరే, అది తర్వాత చూసుకుందాం.

మిగతావాళ్లకి ఎందుకు వస్తోందో తెలుసా? వాళ్ల డబ్బాలు ఇన్వర్టరు మీద ఉన్నాయి, ఆగలేదు కాబట్టి! పాత ఐపీ అడ్రసు లీజు ఉన్నవాడు నేరుగా డీహెచ్‌సీపీ సర్వరుతో మాట్లాడి పొడిగించుకుంటాడు, మీ కొత్త రౌటరులోని రిలే గడప తొక్కక్కర్లేదు. ఆగిపోయినవాడు మళ్లీ మొదట్నుంచీ బ్రాడ్‌కాస్టులో అరవాలి, రిలే చేతిలో పడాలి, అక్కడే చావాలి. నెట్ స్లోగా ఉందని ఫోన్ చేసిన ఎదురింటావిడకీ అదే మంత్రం చెప్పారు. ఆవిడకి ఆ ఉన్నదీ పోయింది. "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజి మాత్రం వచ్చింది. మీకసలు సిగ్గుందా?

మీ లైన్ కుర్రాడు నయం. నోడ్ గదిలో నా ఎదురుగానే ల్యాప్‌టాప్ స్విచ్చికి తగిలించాడు. డిస్కవర్ మీద డిస్కవర్ పోతోంది, ఆఫరు ఊసే లేదు. చివరికి 169.254తో మొదలయ్యే ఆ దిక్కుమాలిన అడ్రసు. అదే తీగ తీసి రౌటరులో ఖాళీ పోర్టుకి పెట్టాడు, రెప్పపాటులో అడ్రసొచ్చింది. ఇంకేం కావాలి సాక్ష్యం? స్విచ్చి ప్రతి అర్జీ మీదా ఆప్షన్ 82 ముద్ర కొట్టి, ఫలానా పోర్టు నుంచి వచ్చిందని రాసి పంపుతోంది. రిలే అడ్రసు గడిలో మాత్రం సున్నా. కొత్త రౌటరు అది చూసి, ఇదేదో దొంగ కాగితమని పారేస్తోంది, ఎవరికీ చెప్పకుండా. దాని తప్పేం లేదు. 2001 జనవరి నాటి ఆర్‌ఎఫ్‌సీ 3046 అలాగే చేయమంది. నమ్మదగిన సర్క్యూటైతే పోనివ్వమని కూడా అంది. ఆ రెండో ముక్క ఎవరు చదవాలి, మేమా? నేను రైల్వే సిగ్నల్ అండ్ టెలికాంలో రిటైరైనవాణ్ణి. మా రోజుల్లో కొత్త సామాను బిగించి, టెస్టు చేయకుండా గది దాటితే ఛార్జిషీటే.

కుర్రాడికి పాస్‌వర్డు ఇవ్వరట. మీరేమో ఫోనెత్తరు. బిల్లు మెసేజి మాత్రం ఒకటో తారీఖు తెల్లారకుండానే వస్తుంది.

బాబ్బాబు, ఒక్క లైను. స్విచ్చి వైపున్న ఇంటర్‌ఫేసులో ఐపీ డీహెచ్‌సీపీ రిలే ఇన్ఫర్మేషన్ ట్రస్టెడ్ అని కొట్టించండి. దానికొక్కదానికే, అన్నిటికీ పెట్టేయకండి. అది రాదంటే స్విచ్చిలో ఆ ముద్ర వేయడమన్నా ఆపించండి. రేపు పదకొండింటికి స్లీపర్ తత్కాల్ తెరుస్తారు. పండక్కి ఈస్ట్ కోస్టులో శ్రీకాకుళం రోడ్డుకి నాలుగు బెర్తులు కావాలి, ఇంట్లో ఫోనుకేమో సిగ్నల్ ఒక్క గీత. పదకొండు లోపు చేయించండి నాయనా, మీకు పుణ్యముంటుంది.