గణపతి ముందా, ట్రాక్టర్ ముందా?

చిలకలగూడలో వినాయక నిమజ్జనం నాడు ప్రసాదం మధ్యాహ్నానికే అయిపోతుంది. సలహాలు మాత్రం అర్ధరాత్రి దాకా పంచుతూనే ఉంటారు.

మా గల్లీ చివర ఒక డౌను ఉంది. నడిచేవాడికి అది డౌనే కాదు. విగ్రహం, డీజే పెట్టెలు, గల్లీలోని కుర్రకారంతా ఎక్కిన ట్రాలీతో దిగాలంటే మాత్రం తిరుమల ఘాట్ రోడ్డే. పోయినేడు ట్రాక్టర్ అక్కడికి చేరగానే గురువులు మూగారు. "న్యూట్రల్ల ఏసి ఇడ్సిపెట్టన్నా, డీజిల్ మిగుల్తది" అన్నాడొకడు. "క్లచ్ తొక్కి పట్టు" అన్నాడింకొకడు. మాటలు రెండైనా ఫలితం ఒకటే. ఇంజను పట్టు వదిలిపోయి బరువంతా బ్రేకుల నెత్తిన పడుతుంది.

గార్డు బాబాయి ఊరుకోలేకపోయాడు. గూడ్సు గార్డుగా రిటైరైన మనిషి. కాజిల్ రాక్ నుంచి కులెంకి దిగే ఘాట్‌లో పనిచేశాడు. 2003 దాకా ఆ హుబ్లీ డివిజన్ మన దక్షిణ మధ్య రైల్వేదే. అక్కడ పట్టాలు 37 అడుగులకి ఒక అడుగు చొప్పున దిగుతాయి.

"బ్రేకు గొట్టం తెగితే రైలు దానంతటదే ఆగుతుందిరా. మరి దీనికి?" అంటూ బాబాయి ట్రాలీ కిందికి వంగి చూశాడు. చాలా ట్రాలీలకున్నట్టే దీనికీ బ్రేకుల్లేవు. ఆపినా, పట్టినా ముందున్న ట్రాక్టరే. డౌనులో అది ఆగినా వెనకది ఆగదు. ట్రాక్టర్‌ని పక్కకి తోసేసి గణపతే ముందుగా హుస్సేన్‌సాగర్‌కి బయల్దేరతాడు.

తర్వాత బాబాయి చూపు పెడళ్ళ మీద పడింది. ట్రాక్టర్‌కి కుడివైపు రెండు బ్రేకు పెడళ్ళుంటాయి, వెనక చక్రాలకి చెరొకటి. సాలు చివర ఒకటే తొక్కితే బండి ఉన్నచోటే తిరుగుతుందని ఆ ఏర్పాటు. రోడ్డు మీద అలా తిరిగితే వెళ్ళేది ఎవరింట్లోకో! అందుకని రోడ్డెక్కగానే రెండింటినీ కలిపే చిన్న కొక్కెం వెయ్యాలి. ఈ ట్రాక్టర్‌కి కొక్కెం ఉంది గానీ, మట్టీ గ్రీజూ గడ్డకట్టి కదలనంది. బాబాయి చేతికందిన కొబ్బరికాయతో దాన్ని కొట్టాడు.

"బాబాయ్, దేవుడిది!"

"దేవుడి కోసమే కొడుతున్నా."

కొబ్బరికాయ పగల్లేదు గానీ, కొక్కెం పడింది. ట్రాక్టర్‌కీ ట్రాలీకీ మధ్య ఇనుప కడ్డీ మీద ఊగుతున్న ఇద్దరినీ దింపి, చేతుల్లో చెరో చెక్కదిమ్మె పెట్టాడు. బండి జారితే చక్రం కింద వెయ్యాలి. క్షణంలో ఒకడు దిమ్మెను నెత్తిన పెట్టుకుని తీన్మార్ మొదలెట్టాడు.

"ఏ గేర్లో ఎక్కగలవో ఆ గేర్లోనే దిగు బాబూ. దిగేటప్పుడు మధ్యలో మార్చకు."

"గట్లయితే తెల్లారుతది సార్."

"తెల్లారనీ."

ట్రాక్టర్ రెండో గేర్లో మూలుగుతూ కదిలింది. వెనక వారాసిగూడ గణపతి వాళ్ళు హారన్ల మీద హారన్లు కొట్టారు. బాబాయి వెనక్కి తిరిగి చూసి, లుంగీ ఎగ్గట్టి, వాళ్ళ ట్రాలీ కిందికి కూడా వంగాడు.