విమానం చక్రంలో పొగలొస్తే: మిర్యాలగూడ లారీ డ్రైవర్లకు చిట్కాలు

మిర్యాలగూడలో బియ్యం ఎత్తుకుని అద్దంకి రోడ్డు పట్టి పోతే, చివరికి 16వ నంబరు జాతీయ రహదారి మీద కొరిశపాడు దగ్గర తేలతారు. అక్కడ 4.1 కిలోమీటర్ల కాంక్రీటు రోడ్డు అత్యవసర రన్‌వే కూడా. 2024 మార్చి 18న వాయుసేన డోర్నియర్ విమానం అక్కడ దిగి, మళ్లీ లేచింది. రేపింకోటి దిగి చక్రాల్లో పొగలొస్తే? లైనర్ మాడిన వాసన మీకు కొత్తా! లారీ పక్కకు ఆపి రంగంలోకి దిగండి.

ముందు భాష. డోర్నియర్‌ను కాన్పూర్‌లో కట్టినా పుట్టిల్లు జర్మనీ. కాబట్టి "లుఫ్ట్‌నోట్‌లాగె!" అని అరవాలి. లుఫ్ట్ అంటే గాలి, నోట్ అంటే ఆపద, లాగె అంటే స్థితి. మనకు నోటుతో ఆపద తీరుతుంది, వాళ్లకు నోటే ఆపద. "మేడే" మాత్రం అనకండి, అందరికీ అర్థమైపోతుంది.

సూర్యాపేటలో డ్రమ్ము కాలితే బకెట్ నీళ్లు కొట్టి చాయ్ తాగుతాం కదా, ఇక్కడా అంతే. ఎ320 విమానంలో బ్రేకు వేడి 300 డిగ్రీలు దాటితే పైలట్‌కు హెచ్చరిక వస్తుంది. కాలిన పెనం మీద చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో ఇంట్లో అడగొద్దు.

ఫైరింజన్ వాళ్లు చక్రానికి ముందు నుంచో వెనక నుంచో వస్తారు. పిరికివాళ్లు! మీరు పక్క నుంచే పోండి. పగిలితే రిమ్ము ముక్కలు అటే ఎగిరొస్తాయి, దగ్గర్నుంచి చూడొచ్చు. వేడికి కరిగి టైరులో నత్రజనిని మెల్లగా వదిలేసే బిరడాలు రిమ్ములో ఉంటాయి. బుస్సుమంటే పంక్చరే, ఎం-సీల్ పెట్టేయండి.

1963 సెప్టెంబరు 4న జూరిచ్‌లో ఒక స్విస్‌ఎయిర్ కారవెల్ విమానం పొగమంచు చెదరగొట్టాలని ఇంజన్లు హోరెత్తిస్తూ, బ్రేకు తొక్కి పట్టి రన్‌వే మీద నడిచింది. లేచిన కాసేపటికే నిప్పంటుకుని కూలింది. 80 మందీ పోయారు, అందులో 43 మంది హుమ్లికోన్ అనే ఒక్క పల్లెవాళ్లు. దీనికి నా దగ్గర చిట్కా లేదు.

సరే, ఆఖరిది. పైలట్‌ను పార్కింగ్ బ్రేకు బిగించి పట్టమనండి, కాలుతున్న బ్రేకు బిళ్లలు ఒకదానికొకటి అతుక్కునేదాకా. ఈలోగా మీ కోదాడ క్లీనర్ పిల్లగాడు ఎవరూ చెప్పకుండానే చక్రం కింద రాయి పెట్టి, బ్రేకు వదిలేయమని సైగ చేస్తుంటాడు. వాణ్ని తిట్టి, ఆ రాయి తీయించండి.