సొమ్ము సీమది, సోకు సిటీది

కొత్త ఆవిష్కరణలూ సేవారంగ సంస్థలూ ఒకేచోట గుమిగూడితే నగరపు హరిత శక్తి సామర్థ్యం, అంటే తక్కువ ఇంధనంతో, తక్కువ కాలుష్యంతో ఎక్కువ సంపద తీసే నేర్పు, దానంతటదే పెరుగుతుందన్న సూత్రం ఈనాటి నగర పురాణానికి ఫలశ్రుతి వంటిది: చదివినవారికి పెట్టుబడులు, విన్నవారికి పురస్కారాలు.

సూత్రంలో నిజం బొత్తిగా లేకపోలేదు. నిపుణులు ఇరుగుపొరుగున ఉంటే మేలైన పద్ధతులు త్వరగా వ్యాపిస్తాయనడానికి 2004లో హైదరాబాదులో ప్రారంభమైన సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ మంచి ఉదాహరణే. కాకపోతే ఆ సెంటర్ ఉన్న మాదాపూర్ పరిసరాల్లోనే, 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక లేచిన అద్దాల మేడలు ఎండను లోపలికి ఆహ్వానించి, వచ్చిన అతిథిని గెంటివేయడానికి రోజంతా ఏసీలు నడపడం కూడా ఆవిష్కరణ కిందికే వస్తుంది కాబోలు.

అసలు మహిమ భాగహారంలో ఉంది. రూపాయి సంపదకు ఖర్చయ్యే ఇంధనాన్ని శక్తి తీవ్రత అంటారు. అది ఎంత తగ్గితే ఊరు అంత సమర్థమైనట్టు. మేడకు కావలసిన సిమెంటు కోసం తాడిపత్రి ప్రాంతపు బట్టీలో సున్నపురాయిని సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాల్చితే, ఆ బొగ్గూ పొగా తాడిపత్రి ఖాతాలో పడతాయి, అద్దె ఆదాయం మాత్రం నగరం ఖాతాలో చేరుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే అనంతపురంలో, అడుగంటిన బోరుతో వేరుశెనగను బతికించుకునే రైతు మోటారు కరెంటు తాగి కాసిని రూపాయలే రాలుస్తుంది గనుక, ఈ లెక్కన అతడు దేశద్రోహికి ఒక మెట్టు కిందివాడు.

పోనీ, హరిత కరెంటు పుట్టేదెక్కడ? ఉమ్మడి అనంతపురం జిల్లాలోని రామగిరి గుట్టల మీద 1990లలోనే గాలిమరలు తిరిగాయి, ఎన్.పి.కుంటలో 2016లో ఎన్టీపీసీ 250 మెగావాట్ల సౌర కేంద్రం వెలిసింది. సౌర పలకల దుమ్ము కడగడానికి నీళ్లు కావలసిందీ కరువు నేలలోనే. ఇక్కడి ఎండా గాలీ పండించిన కరెంటు గ్రిడ్‌లో కలిసిపోతుంది. ‘హరిత భవనం’ అన్న ఫలకం మాత్రం నగరంలోని మేడ ముఖద్వారం దగ్గర మెరుస్తుంది.

ఈ భాగహార శాస్త్రాన్ని శిరసావహించి తాడిపత్రి కూడా బట్టీలను పొరుగూరికి సాగనంపి కాల్ సెంటర్ తెరిస్తే, మరునాడే ఆదర్శ పట్టణమవుతుంది. ఆ పొరుగూరూ అదే పని చేస్తే, దాని తర్వాతి ఊరూ చేస్తే, దేశమంతా సమర్థమైపోతుంది. అప్పుడు సిమెంటు ఎక్కడ కాలుతుందన్నది సేవారంగం పరిధిలోకి రాని ప్రశ్న.