శనాదివారాల మండువా

శనివారం తెల్లవారుజామున రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగే జనంలో ఈమధ్య ఒక కొత్త జాతి కలిసింది. భార్యాభర్తలు. ఇద్దరికీ హైదరాబాదులో వారానికి ఐదు రోజుల ఉద్యోగం. ఆయన భుజాన డ్రిల్లింగ్ మిషను, ఆవిడ చేతిలో ఫోను నిలబెట్టే మూడుకాళ్ళ స్టాండు. వీళ్ళు పెళ్ళికీ రాలేదు, దినానికీ రాలేదు. కోనసీమలో తాతగారి మండువా ఇంటిని కాపాడడానికి వచ్చారు. ఎవరి నుంచి కాపాడాలో అడక్కండి. తాళం వేసి, తాళంచెవి కూకట్‌పల్లి పట్టుకుపోయింది కూడా వీళ్ళే.

పాడుబెట్టినవాడికి లేని కీర్తి బాగుచేసినవాడికి వస్తుంది. రెండూ ఒకరే చేస్తే కీర్తితో పాటు ఫాలోవర్లు కూడా వస్తారు. నిమిషం నిడివి రీలులో మొదట బూజు, గబ్బిలాలు, కూలిన పెరటిగోడ. ఆవిడ చిటికె వేస్తుంది. మరుక్షణం రాజభవనం. ఆ చిటికెకీ ఈ భవనానికీ మధ్య గమేళా మోసిన మనుషులు మాత్రం ఎడిటింగులో పోయారు.

అసలు ఈ ఇళ్ళు ఎలా లేచాయో ఒక్క మాట. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలవల్లో నీళ్ళు పారాక డెల్టాలో పొలం ఉన్నవాడి చేతిలో డబ్బాడింది. స్తంభాలకు రంగూన్ టేకు, గోడలకు గుల్ల సున్నం. ఆ సున్నాన్ని ఇసకతో కలిపి గానుగలో ఎడ్లు తిప్పాలి, బెల్లం నీళ్ళు, కరక్కాయలు నానిన నీళ్ళు పట్టించాలి. నాలుగు వేపుల నుంచీ వాలిన కప్పు మీది వాన నడిమి మండువాలో పడి తూము గుండా పెరట్లోకి పోవాలి. ఎండలో వేడిగాలి అదే మండువాలోంచి పైకి పోవాలి. కట్టినవాడు ఆర్కిటెక్టు కాదు కాబట్టి ఇల్లు చల్లగా ఉండేది.

మన దంపతులు ముందు ఆ మండువా మీద గట్టి గాజుపలకలు బిగించారు. వాన పడితే సోఫా తడుస్తుందట. మే నెల వచ్చేసరికి సావిడిలో అప్పడాలు ఎండబెట్టుకోవచ్చు. దానికి విరుగుడుగా రెండు ఏసీలు పెట్టారు, ఏసీల చల్లదనం పోకుండా కిటికీలు మూశారు, కిటికీలు మూశాక చీకటి పడిందని మధ్యాహ్నం పూట దీపాలు వేశారు. దీన్ని 'సంప్రదాయ జీవనశైలి' అని రాసుకున్నారు.

తర్వాత గోడలు. సున్నం పూత గీకేసి ఇటుక బయటపెడితే ఫొటోలో బాగుంటుందని వీధి గోడ గీకించారు. లోపల ఇటుకల్ని పట్టుకుని ఉన్నది మట్టి అడుసని మొదటి వానకి తెలిసింది. మిగతా గోడలకి సిమెంటు. ఊళ్ళో మిగిలిన ముసలి మేస్త్రి ఒకాయన చెప్పబోయాడు: "బాబుగారూ, ఈ గోడకి సిమెంటు పడదండి. డెల్టా నేల కదండి, గోడ కిందనించి నీరు తాగుతాదండి. సున్నమైతే తాగిన నీరు గాలికి వదిలేత్తాదండి. సిమెంటేత్తే లోపలే ఉండిపోతాదండి."

"మీరు పాతకాలం మనిషి," అని అబ్బాయిగారు నవ్వి, ఫోనులో ఒక వీడియో చూపించి మేస్త్రికి జ్ఞానోదయం చేశారు. పాతకాలం ఇల్లు నిలబెట్టడానికి వచ్చినవాడికి పాతకాలం మనిషి పనికిరాలేదు. శీతాకాలానికి గోడలు తెల్లగా ఉప్పు తేలి, వేసిన రంగు వేసినట్టే రాలింది. ఆ మేస్త్రికి రోజుకూలి దగ్గర రెండొందలు బేరమాడి తగ్గించిన చేత్తోనే, వేలాడే దీపం ఒకటి అతని నెల సంపాదన పోసి కొన్నారు.

సామాన్ల సంగతి చెప్పాలంటే కడుపు తరుక్కుపోతుంది. రుబ్బురోలులో మనీప్లాంటు. తిరగలి మీద గాజుపలక, దాని మీద కాఫీ కప్పు. గంగాళంలో నీళ్ళు, నీళ్ళలో ప్లాస్టిక్ తామరలు. భోషాణం మీద టీవీ. పాత ఎర్ర గచ్చు నున్నగా మెరుస్తుంటే దాన్ని పలుగుతో పగలగొట్టించి, తమిళనాడు నుంచి ఆత్తంగుడి పలకలు లారీలో తెప్పించారు. మన స్తంభాలు రెండు పుచ్చాయని కట్టెల ధరకి అమ్మేసి, కారైక్కుడి పాతసామాన్ల బజారు నుంచి అక్కడి వాళ్ళ తాతగారి స్తంభాలు కొన్నారు. కోనసీమ ఇంటికి చెట్టినాడు చొక్కా తొడిగి, ఆవిడ కెమెరా వేపు తిరిగి "మన మూలాలు" అంది.

మూలాలంటే గుర్తొచ్చింది, ఆ వీధి అరుగు. "ఈ అరుగు మీద ఊరంతా కూర్చునేది" అని రీలు కింద రాశారు. ఊరంతా కూర్చోలేదమ్మా. పేట నుంచి వచ్చినవాళ్ళు వీధిలో నిలబడేవారు, చెప్పులు చేత్తో పట్టుకుని. ఇంట్లోకి వాళ్ళ చాకిరీ వెళ్ళేది పెరటి దారిన. ఇవాళ మిగతా ఐదు రోజులూ ఆ ఇంటికి కాపలా ఉండి, చెత్త ఊడ్చి, మొక్కలకి నీళ్ళు పోసేది ఆ పేట కుర్రాడే. అతను కూడా అరుగు మీద కూర్చోడు. ఇప్పుడు కారణం వేరు. పాలిష్ పోతుందని ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు. ఆ రకంగా సమానత్వం వచ్చింది.

కప్పు విషయంలో ఆ కుర్రాడు రెండుసార్లు ఫోన్ చేశాడు. "అమ్మా, తొలకరికి ముందే పెంకులు దింపి సర్దించాలి, చెదలు కూడా వాసాల దాకా ఎక్కేసింది" అని. "శనివారం చూద్దాం" అని జవాబు. చెదపురుగుకి ఐదు రోజుల వారం లేదు, ఇంటి నుంచి పనిచేస్తుంది. ఒకప్పుడు రెండు పూటలా పొయ్యి వెలిగేది, ఆ పొగ వాసాలకి పట్టి పురుగు చేరేది కాదు. పొద్దున్నే ఎవరో గడప కడిగేవారు, ఎవరో అటక దులిపేవారు, చూరు కారిన రాత్రే ఎవరో ఒకరు లేచి గిన్నె పెట్టేవారు. ఆ ఎవరో అన్నది ఎప్పుడూ ఆడమనిషో పనిమనిషో. ఈ ఇల్లు నూరేళ్ళు నిలిచింది టేకు వల్ల కాదు, ఆ చాకిరీ వల్ల. పనిమనిషి జీతం, ఇల్లాలి నడుం నొప్పి కలిపితే వారసత్వం. దానికి శనాదివారాల్లో రంగు వెయ్యడం కుదరదు.

ఈలోగా దాయాదులు మేలుకున్నారు. ఇల్లు గ్రామకంఠంలో ఉంది, అంటే కాగితాల కంటే అనుభవమే ఎక్కువ. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని ఊడ్చేసి, ఈ ఇంటి పెంకులు కొబ్బరితోటల్లో పడ్డప్పుడు వాటాదారు ఒక్కడూ తొంగిచూడలేదు. ఇప్పుడు డాలస్ నుంచి పినతండ్రి కొడుకు ఫోను: "అన్నయ్యా, రీలు చూశాను. అదిరిపోయింది. మా వాటా గది కూడా చాలా బాగా వచ్చింది." మేనత్తల పిల్లలు లైకులు కొట్టలేదు. వాళ్ళు ఆడపిల్లల వాటా మీద వచ్చిన 2005 చట్టసవరణ గురించి కాకినాడలో లాయరుని అడుగుతున్నారు.

ఖర్చు తడిసి మోపెడయ్యేసరికి దంపతులకి ఒక ఆలోచన తట్టింది. ఇంటిని యాత్రికులకి రోజువారీ అద్దెకిచ్చారు. పనసపొట్టు కూర, పూతరేకులు అదనం. అమ్మమ్మగారి గది అని ఒక గదికి పేరు పెట్టి, దానికి మాత్రం రేటు కొంచెం ఎక్కువ వేశారు.

ఆ గది అసలు యజమానురాలు, అంటే అబ్బాయిగారి తల్లి, కూకట్‌పల్లిలో పదకొండో అంతస్తులో ఉంది. ఇల్లు బాగైందని విని సంబరపడింది. "నాయనా, ఈసారి సంక్రాంతికి అక్కడే ముగ్గేసుకుంటానురా. నాలుగు రోజులుండి వస్తాను," అంది.

పండక్కి కోనసీమలో గది దొరకడం ఎంత కష్టమో ఆవిడకి తెలీదు పాపం. కొడుకు ఫోనులో క్యాలెండరు చూసి చాలాసేపు ఆలోచించాడు.

"భోగి నుంచి కనుమ దాకా కోడిపందేల వాళ్ళు ముందే డబ్బు కట్టేశారమ్మా. ముక్కనుమ నాడు రా. మధ్యాహ్నం రెండింటి తర్వాత. అంతకుముందు గది శుభ్రం చెయ్యాలి."