పదికి ఎనిమిది, సాక్ష్యం సున్నా

తెలుగు పరీక్షలో మార్కులు రావాలంటే పుస్తకం చదవనక్కర్లేదు. నాలుగు ముక్కలు కంఠతా వస్తే చాలు: ‘ఈ కవి నాటి సమాజానికి అద్దం పట్టారు. పాత్రలు సజీవంగా ఉన్నాయి. శైలి సరళం, గంభీరం. సాహితీ వినీలాకాశంలో ఈ కృతి ధ్రువతార.’ ఇంతకీ ఏ పుస్తకం గురించి అంటారా? మొల్ల రామాయణమైనా సరే, కన్యాశుల్కమైనా సరే. ఫ్రీసైజు నైటీ లాంటి జవాబు. అందరికీ పడుతుంది, ఎవరికీ సరిపోదు.

కన్యాశుల్కంలో గిరీశం పాత్ర గురించి రాయమనండి. ఒక గైడు చదివినవాడు ‘సంఘ సంస్కర్త’ అంటాడు, ఇంకో గైడు చదివినవాడు ‘మోసగాడు’ అంటాడు. నాటకంలో ఎక్కడుంది నాయనా అంటే, ‘గైడులో ఉంది సార్’ అంటారు ఇద్దరూ. పాపం, అబద్ధం చెప్పడం లేదు.

పుస్తకం తెరిస్తే మొదటి అంకంలోనే దొరికిపోతాడు గిరీశం. సంతలో సామాను కొనమని పూటకూళ్లమ్మ ఇచ్చిన 20 రూపాయలూ వేశ్య మధురవాణి కింద ఖర్చుపెట్టేశాడు. అదే పెద్దమనిషి తర్వాత వితంతువైన బుచ్చమ్మ దగ్గర చేరి వితంతు వివాహాల మీద ఉపన్యాసం దంచుతాడు. ఈ రెండు చోట్లూ పక్కపక్కన పెట్టి చూపించిన పిల్ల ‘మోసగాడు’ అని తేల్చినా, ‘మాట మంచిదే, మనిషే తేడా’ అని తేల్చినా మార్కు వేయాల్సిందే. పేజీ చూపించకపోతే ఏం తేల్చినా వృథాయే.

కానీ స్పాట్ వాల్యుయేషన్‌లో అంత తీరికెక్కడిది? చూసేది ఇంతే: మార్జిన్ ఉందా, సైడ్ హెడింగుల కింద గీతలున్నాయా, అడిషనల్ షీట్లు ఎన్ని? గైడు జవాబుల మీద ఉన్న ఒక్క ఆయుధం సందర్భసహిత వ్యాఖ్య. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో చెప్పించే ప్రశ్న. ఆ సందర్భాన్ని కూడా గైడువాళ్లు అచ్చేసి అమ్ముతున్నారు.

అదే నాటకంలో, కృష్ణరాయపురం అగ్రహారంలో ఇంగ్లీషు మాట్లాడమని తల్లి వెంకమ్మ ముచ్చటపడితే, గిరీశం, అతని శిష్యుడు వెంకటేశం బట్టీపట్టిన పద్యం ముక్కలూ పాఠం ముక్కలూ ఒకరికొకరు అప్పజెప్పుకున్నారు. ఆవిడ మురిసిపోయింది. ఇప్పుడు వెంకటేశం పేపరు రాస్తున్నాడు, వెంకమ్మ దిద్దుతోంది.

సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత, మన కొల్చారం మల్లినాథసూరి మాత్రం మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ముందే మాటిచ్చి వ్యాఖ్యానానికి కూర్చున్నాడు. అంత పొదుపరి మన పరీక్ష రాస్తే గట్టెక్కడం అనుమానమే.

మాస్టారూ, ఈసారి పేపర్లు దిద్దేటప్పుడు ఒక్క పని చేయండి. జవాబులో కవి పేరు కొట్టేసి ఇంకో కవి పేరు పెట్టి చదవండి. అప్పుడూ జవాబు చెక్కుచెదరకుండా నిలబడిందంటే నిర్మొహమాటంగా సున్నా చుట్టండి. తల్లిదండ్రులు గొడవకొస్తే పుస్తకం చేతికిచ్చి, పేజీ చూపించమనండి.