గుళికల గది (టీకా తాత్పర్య సహితము)

తే.గీ. మట్టి విడిపించి వేరులు మంచి నీటఁ
గడిగి కాల్చిన గుళికల గదిని డించి
నీరు మూఁడింట నొకపాలె నిలిపి పిదప
నోర్పు గలవాని యింటనే యూడ దిగును

అవతారిక: కడియం నర్సరీలో లారీ ఎక్కి హైదరాబాదు అపార్టుమెంటులో దిగిన మాన్‌స్టెరా మొక్కకు యజమాని ప్రేమ కొద్దీ పూటపూటా నీళ్లు పోయగా, వేరు కుళ్లి, కుండీ చుట్టూ నల్లటి సన్న దోమలు ముసిరాయి. ఇంటిల్లిపాదీ సణగగా విసిగిన కవి చెప్పిన పద్యమిది.

టీక: మట్టి = కుండీలోని మన్ను, కోకోపీటు, నర్సరీవారు వేరు చుట్టూ బిగించిన ఎర్రముద్ద సహా; విడిపించి = పీచు తెగకుండా వదిలించి; వేరులు = వేళ్లను; మంచి నీటన్ = (దీని సంగతి ముందు ముందు); కడిగి = శుభ్రపరిచి; కాల్చిన గుళికల గదిని = లేకా బాల్స్ అని అమ్మే మట్టి గోళీలు నింపిన గాజు జాడీలో; డించి = దించి; నీరు = జలమును; మూఁడింట నొకపాలె = జాడీ ఎత్తులో మూడోవంతు మాత్రమే; నిలిపి = ఉంచి; పిదపన్ = ఆ తరువాత; ఓర్పు గలవాని యింటనే = రోజూ మొక్క పీకి చూడనివాడి ఇంట్లోనే; ఊడ దిగును = కొత్త వేరు పుట్టును.

తాత్పర్యం: మన్ను లేకున్నా మొక్క బతుకుతుంది, గాలి లేకుంటే బతకదు.

విశేషాలు: మట్టి విడిపించమని చెప్పి, మరుసటి పాదంలోనే కాల్చిన మట్టిలో దించమనడం వదతోవ్యాఘాతం కదా అని ఆక్షేపణ. కాదు. బంకమన్నును తిరిగే కొలిమిలో సుమారు 1200 డిగ్రీల సెల్సియస్ వేడికి గురిచేస్తే లోపలి వాయువులు ఉబ్బి, పైన గట్టి పెంకు, లోన సన్నని బొరియలు మిగులుతాయి. అందులో మొక్క తినడానికి ఏమీ ఉండదు, కుళ్లడానికీ ఏమీ ఉండదు. ఇలా మట్టిని ఉబ్బించే పద్ధతికి అమెరికాలోని కాన్సాస్ సిటీకి చెందిన స్టీఫెన్ హేడ్ 1918లో పేటెంటు పొందింది తేలిక కాంక్రీటు కోసం. మొక్కల ఊసే లేదు. గుళికలను ఎర్రనీళ్లు పోయి తేటనీళ్లు వచ్చేదాకా కడిగి, రాత్రంతా నానబెట్టాలని కవి చెప్పలేదు. ఛందస్సులో చోటు లేదు.

"మూఁడింట నొకపాలె": పద్యానికి ప్రాణం ఈ ఎకారమే. అడుగున అన్న మాట అధ్యాహారం. కింది మూడోవంతులో నీరు. గుళికల బొరియల గుండా తడి పైకి పాకుతుంది. పై రెండు వంతుల సందుల్లో తేమగాలి. వేరు కింద తాగుతుంది, పైన ఊపిరి పీలుస్తుంది. కుండీలో మన్ను నిండా నీళ్లు పోస్తే సందులన్నీ మూసుకుపోతాయి. నీటిలో ప్రాణవాయువు పాకే వేగం గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు తక్కువ. మన మాన్‌స్టెరా చచ్చింది దాహంతో కాదు, ఊపిరాడక. తడి మన్ను లేదు గనుక గుడ్లు పెట్టే చోటు దొరక్క ఆ దోమలూ సెలవు పుచ్చుకుంటాయి.

ఇక్కడ పక్కింటి పిన్నిగారి పూర్వపక్షం: "మా మనీప్లాంటు ఏళ్లతరబడి ఉత్త సీసానీళ్లలోనే ఉంది, దానికి గోళీలెందుకు నాయనా?" సిద్ధాంతం: ఉందండీ, ఉండడమే పనిగా ఉంది. చెట్టు పట్టుకు పాకితే చేటంత ఆకు వేసే జాతి అది. సీసాలో తమలపాకు దాటదు.

ఇక "మంచి నీట". పద్యంలో ఎరువు మాట లేదు. కవి మరిచాడనడం వ్యాఖ్యాతకు మర్యాద కాదు గనుక, కాకాక్షి న్యాయం చొప్పున ఈ "మంచి"ని కడిగే నీటికీ నిలిపే నీటికీ చెల్లిద్దాం. నిలిపే నీటిలో పోషక లవణాలు కలవాలి, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. యూరియా పనికిరాదు, దాన్ని మొక్కకు అందేలా మార్చే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్నంతగా ఇక్కడ ఉండవు. ఏ, బి అని రెండు సీసాల్లో వచ్చే మందును నీళ్లలో విడివిడిగా కలపాలి. చిక్కగా ఉన్నప్పుడే కలిపేస్తే ఒకదాని కాల్షియం మరోదాని ఫాస్ఫేటు, సల్ఫేట్లతో కూడి మజ్జిగలా విరిగి అడుగున దిగబడుతుంది. బోరునీళ్లయితే గుళికల మీద తెల్లటి పొర కడుతుంది, అది ఉప్పు. నెలకోసారి జాడీ నిండా మామూలు నీళ్లు పోసి పారబోయాలి. ఆర్వో మిషన్ వదిలే వ్యర్థజలం పోసి పొదుపు చేశామనుకునేవారు మొక్కకు మరింత ఉప్పు పెడుతున్నారు.

సంప్రదాయం పాతదే. 1860ల నాటికే జర్మనీలో సాక్స్, నాప్ అనే పండితులు లవణాల నీటిలో మొక్కలు పెంచారు. 1930లలో కాలిఫోర్నియాలో గెరిక్ నిచ్చెన వేసి కోసేంత టమాటా తీగలు చూపాడు. మన దేశంలో షోల్టో డగ్లస్ 1946లో డార్జిలింగ్ జిల్లాలో ప్రయోగాలు మొదలుపెట్టి, దానికి బెంగాల్ పద్ధతి అని పేరు పెట్టాడు.

"ఓర్పు": మట్టికి అలవాటుపడ్డ పాతవేళ్లు కొన్ని గోధుమరంగుకు తిరిగి మెత్తబడతాయి, ఒకటి రెండాకులు పండుతాయి. వెంటనే మళ్లీ మట్టిలో పెట్టకూడదు. మెత్తబడ్డవి కత్తిరించి ఊరుకుంటే వారాల మీద తెల్లని కొత్తవేళ్లు గాజు వెంట కనబడతాయి.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో "ఓర్పు"కు బదులు "ఏసి గలవాని యింటనే" అని ఉంది. గణం సరిపోతుంది గానీ యతి చెడింది. పైగా మెక్సికో చిత్తడి అడవుల మొక్కకు ఏసీ పొడిగాలి తగిలితే ఆకు అంచులు మాడతాయి గనుక అర్థమూ చెడింది. గ్రాహ్యం కాదు.