డీజీయము: టీకా తాత్పర్య సహితము

మూలము

ఆ.వె.
లారి మీద నిలిచి ల్యాపుటాపుఁ దెరచి
మీట నొక్కి డీజె మేను నూపె
ఏమి చేసె ననుచు నెవరైన నడుగరు
ఆడుచుంద్రు గాదె యందరచట

అవతారిక

ఆషాఢం ముగియవస్తుందనగా పాతబస్తీలో లాల్ దర్వాజ సింహవాహిని మహంకాళికి బోనాలు. ఆదివారం అమ్మవారికి బోనం ఎత్తుతారు. సోమవారం ఘటాలు ఊరేగుతాయి. హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగెక్కి చార్మినార్ దాటి నయాపుల్ వైపు సాగుతుంది. పోతరాజులు, పలారం బళ్లు, వాటి వెనక లారీలు. అలాంటి ఒక లారి మీద నిలబడ్డ నాయకుణ్ణి చూసి ఎవరో కవి చెప్పిన పద్యమిది. కవి పేరు తెలియదు. వ్యాఖ్యాతకు అనుమానం ఉంది గాని, మొహమాటమూ ఉంది.

మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టిన కొలాచల మల్లినాథసూరి మన మెతుకుసీమవాడే. ఆయన కాళిదాసుకు దొరికాడు. డీజేకు నేను దొరికాను. అంత ప్రతిజ్ఞ చేసే ధైర్యం నాకు లేదు. శాలిబండ దగ్గర రెండు లారీలు పక్కపక్కన ఆగితే ఏది మూలమో, ఏది ప్రక్షిప్తమో సూరిగారైనా తేల్చలేరు.

ప్రతిపదార్థము

లారి మీదన్ = నాలుగు వైపులా స్పీకర్లు పేర్చగా మిగిలిన జానెడు చోటునందు; నిలిచి = నిలుచున్నవాడై, కూర్చుండుటకు తావు లేదు గనుక; ల్యాపుటాపున్ = అట్టపెట్టె నీడలో, పాలిథిన్ కవరు క్రింద దాగిన యంత్రమును (ఎండలో తెర కనబడదు, ఆషాఢపు తుంపరకు మీటలు తడుస్తాయి, పైనుంచి పడే పసుపు కుంకుమలు మీటల సందుల్లో కాపురం పెడతాయి); తెరచి = మూత యెత్తి; మీటన్ = స్పేస్ బారును, లేక కంట్రోలరు మీది ప్లే బటనును; నొక్కి = ఒక్కమారు, బెదరక, నొక్కినవాడై; డీజె = డీజే.

ఈ ఒక్క పదం దగ్గర కొంచెం ఆగాలి. జేకారానికి హ్రస్వం ఛందస్సు కోసం వచ్చింది, క్షమించవచ్చు. అర్థం దగ్గరే చిక్కు. పాతబస్తీలో డీజే అంటే మనిషి కాదు, సామాను. "డీజే వచ్చిందా?" అని అడిగితే బేస్ బిన్నులు, టాపులు, ఆంప్లిఫయర్లు, జనరేటరు దిగాయా అని. మనిషిని ఆపరేటర్ అంటారు. కనుక "డీజె మేను నూపె" అన్న వాక్యానికి రెండు అన్వయాలు. ఆపరేటర్ తన మేను ఊపాడని ఒకటి. సామాను మన మేను ఊపిందని మరొకటి. లారికి రెండు గజాల దూరంలో ఒకసారి నిలబడి, పక్కటెముకల మీద బేసు పడగా విన్నవాడెవడూ మొదటి అన్వయాన్ని ఒప్పుకోడు. కవి శ్లేష ఉద్దేశించాడో, విభక్తి తేలక అలా వదిలేశాడో చెప్పలేం. మంచి పేరు రావాలి గనుక శ్లేషే అందాం.

తక్కిన పదాలు సుగమములు.

తాత్పర్యము

ఒకడు లారి యెక్కి మీట నొక్కగా, వాడు చేసినదేమో విచారింపక జనులెల్లరు నర్తించిరని భావము.

విశేషములు

రెండో పాదం చివర "ఊపె", మూడో పాదం మొదట "ఏమి". సంధి చేయలేదు. ఊపిరి తీసుకోవడానికని సర్దుకోవాలి.

పద్యానికి ప్రాణం మూడో పాదం. ఏం చేశాడని ఎవరూ అడగరట. పాతబస్తీలో అడగరు, నిజమే. బయటి ప్రపంచం మాత్రం అదే పనిగా అడుగుతోంది. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ ఈ శతాబ్దం మొదట్లో నాలుగు ల్యాప్‌టాపుల వెనక నలుగురు మనుషులను దాదాపు కదలకుండా నిలబెట్టి దేశదేశాల్లో కచేరీలు చేసింది. టికెట్టు కొన్నవాడికి సందేహం: వీళ్లు వాయిస్తున్నారా, ఈమెయిళ్లు చూసుకుంటున్నారా? 2012లో కెనడా డీజే డెడ్‌మౌస్, పెద్ద ఎలుక తలకాయ తొడుక్కుని వేలమందిని ఆడించేవాడు, వేదిక మీద తామంతా చేసేది ప్లే నొక్కడమేనని తనంతట తానే రాసి పెట్టాడు. తోటివాళ్లలో కొందరికి ఒళ్లు మండింది. నిజం చెప్పినందుకా, అబద్ధం చెప్పినందుకా అన్నది ఇంకా తేలలేదు.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. మరి మర్ఫా మాటేమిటంటాడు. హద్రమౌత్ నుంచీ తూర్పు ఆఫ్రికా నుంచీ వచ్చి నిజాం కొలువులో సిపాయిలుగా చేరినవాళ్ల వాద్యమది. బార్కస్‌లోనూ ఏసీ గార్డ్స్‌లోనూ వాళ్ల సంతతి ఉంది. బరాత్‌కు మర్ఫా కొడితే ప్రతి దెబ్బకూ చెయ్యి కనబడుతుంది. డఫ్ మీద అరచెయ్యి, మర్ఫా మీద పుల్ల, స్టీలు బిందె మీద వేళ్లు, చొక్కా వీపున చెమట. నగరమంతా ఎగిరే తీన్మార్ దరువులో ఆ చేతుల వాటా ఉంది. లారి మీది ఆపరేటర్ దగ్గర అలా కంటికి ఆనే శ్రమ ఏదీ అని పూర్వపక్షి ప్రశ్న.

సమాధానం: శ్రమ ముందు రాత్రే అయిపోయింది. తలుపు మూసిన ఒక గదిలో, అదే డప్పు, అదే తీన్మార్ దెబ్బలు ముక్కలు ముక్కలుగా కోసి తెర మీద గళ్లల్లో పేర్చారు. బెల్జియంవాళ్లు 1997లో ఫ్రూటీలూప్స్ పేరుతో వదిలి, తర్వాత ఎఫ్ఎల్ స్టూడియో అని పేరు మార్చిన సాఫ్ట్‌వేర్ ఇలాంటి పనికే పుట్టింది. దరువు మీద అమ్మవారి జానపదం ఎక్కించారు. బస్తీ అన్న పేరు చేర్చారు, డబ్బులిచ్చేది ఆయనే గనుక. మధ్యమధ్య తమ పేరు తామే గర్జింపు గొంతుతో అనిపించుకున్నారు. ఇది మకుటమే, కాదనను. కాని వేమన చివరి పాదం దాకా ఆగేవాడు. వీళ్లు పల్లవి దాకా కూడా ఆగరు.

బెర్లిన్ నుంచి 2001లో ఏబుల్‌టన్ లైవ్ వచ్చింది. ముక్కలను వేదిక మీదే అప్పటికప్పుడు ఎత్తి కలపడానికి అది వీలిచ్చింది. గచ్చిబౌలి వైపు క్లబ్బుల్లో దాన్ని గురించి గంభీరంగా మాట్లాడుకోవచ్చు. లారి మీద రెండు పాటల వేగాలు కలిపే వర్చువల్ డీజే లాంటిది ఉంటే గడిచిపోతుంది. కొందరికి పెన్‌డ్రైవే చాలు.

పాట ముందే తయారైంది, కలపడం యంత్రం చూసుకుంటుంది. మరి నాయకుడికి మిగిలిన పనేమిటి? ఆపడం. ఈ టీక రాయడానికి అసలు కారణం ఇదే.

రోడ్డు పాటను పట్టించుకోదు. పాట నాలుగు నిమిషాలని గదిలో నిర్ణయమై ఉంటుంది. గుల్జార్ హౌజ్ మలుపు ఎంతసేపని ఎవరు నిర్ణయిస్తారు? బోనం నెత్తిన పెట్టుకున్న అక్క లారి పక్కనుంచి దాటుతుంటే దరువు తగ్గించాలి, ఆమె అడుగు చెదరకూడదు. పోతరాజు కొరడా విదిల్చే వేళకు తీన్మార్ పడాలి. ముందు పడితే కొరడా వృథా, వెనక పడితే డీజే వృథా. మసీదు నుంచి అజాన్ వినబడగానే, చరణం సగంలో ఉన్నా సరే, కట్. కింద ఇన్‌స్పెక్టర్ అరచెయ్యి ఎత్తితే కట్. అంబులెన్సు కూత వినబడితే కట్, అదీ లారి సౌండులో కూత వినగలిగిన చెవి ఉంటే.

కింద నుంచి పోరగాళ్లు ఊరుకోరు. "అన్నా, జర తీన్మార్ కొట్టే!"

"ఆగు భయ్, నమాజ్ అయితున్నది."

ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలుపెడితే గుంపు చప్పబడుతుంది. కాస్త వెనక్కి జరిగి, దరువు ఎక్కబోయే ముందరి నాలుగు దెబ్బల నుంచి ఎత్తుకుంటే కాళ్లు తమంతట తామే లేస్తాయి. ఎంత వెనక్కి జరగాలో ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ రాసి లేదు. ఆపరేటర్ చూపు తెర మీద ఉండదు, అస్తమానం కిందికే ఉంటుంది. ఉత్తరాలు చదువుకుంటున్నాడన్న అనుమానం ఇక్కడ చెల్లదు. కవి మీట నొక్కిన వేలిని చూశాడు. రెండోసారి నొక్కడానికి అక్కడే కాచుకున్న వేలిని చూడలేదు. ఇది కావ్యదోషం. వ్యాఖ్యాత కవిని ఎంత ప్రేమించినా దీన్ని కప్పిపుచ్చడానికి వీల్లేదు.

మరొక సూక్ష్మం. మీట నొక్కాక శబ్దం ల్యాప్‌టాప్‌లోంచి బయట పడడానికి ఆరు మిల్లీసెకన్ల లాంటి ఆలస్యం ఉంటుంది, 44,100 వేగంలో 256 శాంపిళ్ల బఫర్ పెట్టుకుంటే. అది ఎవరికీ తెలియదు. అసలు ఆలస్యం గాలిలో ఉంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. లారికి 34 మీటర్ల వెనక ఆడేవాడికి దెబ్బ సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి 120 దెబ్బల పాటైతే ముందువాడి అడుగుకూ వెనకవాడి అడుగుకూ దెబ్బలో అయిదో వంతు తేడా. మేడ మీంచి చూసేవాడు గుంపుకు తాళజ్ఞానం లేదంటాడు. గుంపుకు ఉంది, గాలికే లేదు.

ఇక మోత సంగతి. ఎత్తు మీంచి మోగించడం ఈ వీధికి కొత్త కాదు. చార్ కమాన్‌లో ఒకదానికి నఖ్ఖార్‌ఖానా అని పేరు, రాచ నగారాలు అక్కడుండేవి. నగారాకు పోటీ నగారా లేదు. లారికి పోటీ లారి ఉంది, అక్కడే వచ్చింది తంటా. డెసిబెల్ లెక్క వింతైనది. ఉన్న పెట్టెలకు అన్నే పెట్టెలు చేర్చి శక్తి రెట్టింపు చేస్తే పెరిగేది దాదాపు 3 డెసిబెళ్లు. చెవికి రెట్టింపు మోతగా తోచాలంటే 10 డెసిబెళ్లు పెరగాలి, అంటే శక్తి పదింతలు కావాలి. పక్క బస్తీవాళ్ల కంటే రెట్టింపు వినబడాలని ముచ్చటపడ్డ కమిటీ ఆ లెక్కన పదింతల సామాను ఎక్కించాలి. లారీలు గోపురాలుగా లేవడానికి కారణం భక్తి కాదు, లాగరిథమ్.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు రాత్రి కింద లెక్క. 55 అంటే ఇద్దరు కూర్చుని మామూలుగా మాట్లాడుకునే మోత. మన నాయకుడు మీట నొక్కక ముందే జనరేటరు దాన్ని దాటేసి ఉంటుంది.

ఈ సామానుకు మతం లేదని కూడా గమనించాలి. ఆషాఢంలో మహంకాళి ముందు నడిచిన పెట్టెలే భాద్రపదంలో గణేశుడి వెంట ఫలక్‌నుమా, అలియాబాద్, శాలిబండ మీదుగా చార్మినార్ చేరవచ్చు. మిలాద్ జులూస్‌లోనూ మోగవచ్చు. ముహూర్తాల వేళ బరాత్‌లో గుర్రం ముందు నడవవచ్చు. పెన్‌డ్రైవ్ మారుతుంది, బిన్నులు మారవు. అద్దెకిచ్చేవాడు అందరికీ ఆత్మీయుడు, బిల్లు ఇచ్చేదాకా.

అలంకారము

కారణం కనబడకుండానే కార్యం కలిగింది గనుక విభావన అని కొందరు. కారణం ఒకచోట, కార్యం మరొకచోట కలిగాయి గనుక అసంగతి అని కొందరు: వేలు లారి మీద, కాలు రోడ్డు మీద. నాకు రెండోదే నచ్చింది. కారణం లేదనడం ముందు రాత్రి గదిలో కూర్చున్నవాడికి అన్యాయం.

పాఠాంతరములు

మొదటి పాదానికి "డీసియమ్ము నెక్కి" అని ఒక పాఠం. వ్యవహారానికి ఇదే దగ్గర. లోడు చిన్నదైతే వచ్చేది డీసీఎమ్మే, లారి కాదు. గణాలు సరిపోయాయి. యతి దగ్గర బండి ఆగింది. లడలకు అభేదమని గట్టెక్కిద్దామన్నా, డీకారంలోని ఈత్వానికీ ల్యాకారంలోని ఆత్వానికీ మైత్రి లేదు. కాబట్టి లారితోనే సరిపెట్టుకున్నాం.

నాలుగో పాదానికి ఉన్న పాఠం గట్టిది. 2024 సెప్టెంబరులో గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఊరేగింపు ముగిశాక మోత మీద ఫిర్యాదులు ముదిరాయి. పార్టీలవాళ్లనూ మతపెద్దలనూ పిలిచి మాట్లాడిన తర్వాత, అక్టోబరులో అప్పటి నగర పోలీసు కమిషనర్ సి.వి. ఆనంద్ మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనూ బాణసంచానూ నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అప్పటి నుంచి పద్యం "ఆపుచుంద్రు గాదె యందరచట" అని కూడా వినబడుతోంది. డుకారం పోయి పుకారం వచ్చింది, అంతే. దీన్ని కమిషనరేటు పాఠం అంటారు. ఆపే పని ఇంతకాలం ఒక్క వేలిది, ఈ పాఠంలో అందరిదీ అయింది. ఆపరేటర్లకు ఇది రుచించదు, కవికి అసలే రుచించదు. ఛందస్సు పేరు చెప్పి కొట్టిపారేద్దామని వ్యాఖ్యాత శాయశక్తులా ప్రయత్నించాడు. గణం చెడలేదు, యతి చెడలేదు.